ప్యానెల్ పేరుతో కాదు, లోపలి భాగం పేరుతో వెతకండి: తయారీ ఆగిపోయిన వైర్‌లెస్ టచ్ ప్యానెళ్లకు స్పేర్ పార్ట్స్

గదిలోని పరికరాలను వేలితో నడిపించే టచ్ ప్యానెల్ తయారీని కంపెనీ ఆపేసిందంటే ఆగిపోయింది ఆ పెట్టె ఒక్కటే. అందులోని ఎల్‌సీడీ స్క్రీన్, దాని మీది టచ్ గ్లాసు, బ్యాటరీ సెల్స్, గడియారం కోసం పెట్టిన బిళ్ల బ్యాటరీ, వైఫై కార్డు ఇవన్నీ చాలావరకు బయట కొని బిగించినవే. వాటిని తయారుచేసినవాళ్లు వేరు, వాటికున్న నంబర్లు వేరు. ప్యానెల్ మార్కెట్‌లోంచి పోయిన ఎన్నో ఏళ్ల తర్వాత కూడా ఆ భాగాలు దొరుకుతూనే ఉంటాయి.

నేను మీటింగ్ హాళ్లలో, పెద్ద ఇళ్లలో లైట్లు, కర్టెన్లు, ప్రొజెక్టర్లు ఒకేచోటి నుంచి నడిపే కంట్రోల్ సిస్టమ్స్ బిగించి, తర్వాత వాటి మెయింటెనెన్స్ చూస్తుంటాను. ఏఎంఎక్స్ కంపెనీ ఎంవీపీ-8400, క్రెస్ట్రాన్ కంపెనీ టీపీఎంసీ-8ఎక్స్ లాంటి పాత వైర్‌లెస్ ప్యానెళ్లు ఇప్పటికీ నా బల్ల మీదికి వస్తుంటాయి. వాటి వెనకున్న సిస్టమ్ అంతా బాగానే నడుస్తుంటుంది. ఒక్క బ్యాటరీ పోయిందనో, టచ్ పలకడం లేదనో మొత్తం మార్చేయమని ఎవరో చెప్పి ఉంటారు. అలా పారేయడం నాకు అస్సలు నచ్చదు. చాలావాటిని బతికించవచ్చు. కాకపోతే వెతకడానికి ఒక పద్ధతి కావాలి.

ముందు పోయిందేమిటో తేల్చుకోండి

పార్ట్ కోసం వెతకడం మొదలుపెట్టే ముందు ఒక పూట తనిఖీకి కేటాయించండి. చెడిపోని భాగానికి డబ్బు పెట్టేవాళ్లను చాలామందిని చూశాను.

ప్యానెల్ చార్జ్ కావడం లేదంటే వెంటనే బ్యాటరీని అనుమానించకండి. చార్జింగ్ స్టాండులో, అంటే డాక్‌లో, కూర్చునే చోట ప్యానెల్ కింద ఇత్తడి రంగులో చిన్న చుక్కల్లాంటి కాంటాక్ట్‌లు, డాక్ వైపు స్ప్రింగ్ పిన్నులు ఉంటాయి. ఏళ్ల తరబడి చేతి జిడ్డు, దుమ్ము పట్టి అవి నల్లబడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన దూదిపుల్లతో తుడవండి. ఒక్కో పిన్నునీ వేలితో నొక్కి, స్ప్రింగ్ మళ్లీ పైకి లేస్తోందో లేదో చూడండి. తర్వాత డాక్ అడాప్టర్‌కి మల్టీమీటర్ పెట్టి, లేబుల్ మీద రాసిన వోల్టేజీ వస్తోందో లేదో కొలవండి. ఇవి రెండూ బాగున్నాకే బ్యాటరీ సంగతి.

స్క్రీన్ నల్లగా ఉంటే గది లైట్లు ఆర్పి, టార్చ్ వెలుగును అద్దం మీద ఏటవాలుగా వేయండి. బటన్ల బొమ్మలు లీలగా కనిపిస్తే ఎల్‌సీడీ బతికే ఉందని అర్థం. పోయింది బ్యాక్‌లైట్ లేదా దానికి కరెంటిచ్చే ఇన్వర్టర్ బోర్డు. స్క్రీన్ అంతా తెల్లగా వెలుగుతూ బొమ్మ రాకపోతే మొదట రిబ్బన్ కేబుల్ ఊడిందేమో చూడాలి.

ప్యానెల్ నెట్‌వర్క్‌కి కలవకపోతే ఆ మధ్య రూటర్‌గానీ, వైఫై సిగ్నల్ ఇచ్చే యాక్సెస్ పాయింట్‌గానీ మార్చారేమో అడగండి. ఒక ఆఫీసులో ప్యానెల్ వైఫై కార్డు పోయిందని, కొత్తది తెచ్చిపెట్టమని పిలిచారు. కార్డుకి ఏమీ కాలేదు. అంతకు ముందే కొత్త యాక్సెస్ పాయింట్లు పెట్టారు, పాత ప్యానెల్ భాష వాటికి అర్థం కాలేదు. దీని గురించి కింద వివరంగా చెబుతాను.

ఇంకో మాట. ప్యానెల్ కాస్తయినా ఆన్ అవుతున్నప్పుడే అందులోని స్క్రీన్ డిజైన్ ఫైల్‌ని, నెట్‌వర్క్ సెట్టింగ్‌లను బయటికి తీసి పెట్టుకోండి. అసలు డిజైన్ చేసినవాళ్ల దగ్గర ఆ ఫైల్ ఉంటే ఇంకా మంచిది, ఇప్పుడే అడిగి తీసుకోండి. హార్డ్‌వేర్ దొరుకుతుంది. ఆ ఫైల్ పోతే మాత్రం బటన్ తర్వాత బటన్ మళ్లీ కట్టుకోవాల్సిందే.

పేర్లన్నీ రాసుకోండి

ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద మోడల్ పేరు కాకుండా ఇంకో పొడవాటి పార్ట్ నంబరు ఉంటుంది. పాత సామాను అమ్మేవాళ్లు చాలామంది ఆ నంబరే రాస్తారు, ఎందుకంటే వాళ్లకు అది ఏ వస్తువో తెలియదు. రెండూ విడివిడిగా కొట్టి వెతకండి. గీతలు తీసేసి ఒకసారి, ఖాళీ వదిలి ఒకసారి ప్రయత్నించండి.

కంపెనీల పాత పేర్లు కూడా పనికొస్తాయి. ఏఎంఎక్స్ 1999లో తన పేరును పాంజా అని మార్చుకుని, ఆ తర్వాత మళ్లీ ఏఎంఎక్స్ అయింది. ఆ కాలపు సామాను మీద పాంజా అనే ఉంటుంది. 2014లో హార్మన్ ఆ కంపెనీని కొన్నది కాబట్టి కొన్నిచోట్ల హార్మన్ పేరు కింద కనిపిస్తుంది. అలాగే ఫిలిప్స్ ప్రోంటో టచ్ రిమోట్‌కి మరాంట్జ్ ఆర్‌సీ5000 తోబుట్టువు. ఒకదాని భాగాల కోసం రెండో పేరుతో వెతికితే పోటీ తక్కువ, ధర కూడా తక్కువ పలుకుతుంది.

స్టిక్కర్ మీద ఎఫ్‌సీసీ (అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ) ఐడీ ఉంటే అది నిధి లాంటిది. అమెరికాలో అమ్మే వైర్‌లెస్ పరికరాలకు ఈ నంబరు ఉంటుంది. మొదటి 3 లేదా 5 అక్షరాలు కంపెనీవి, మిగతావి ఆ పరికరానివి. ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే పరీక్షల కోసం కంపెనీ ఇచ్చిన కాగితాలు వస్తాయి. వాటిలో చాలాసార్లు పెట్టె విప్పి తీసిన లోపలి ఫోటోలు ఉంటాయి. మీ ప్యానెల్‌కి స్క్రూడ్రైవర్ పెట్టకముందే లోపల ఏ కార్డు ఉంది, బ్యాటరీ ఏ ఆకారంలో ఉంది, కేబుల్ ఎటు పోతోంది అన్నది చూసుకోవచ్చు. ఒక్కోసారి రేడియో మాడ్యూల్‌కి విడిగా దాని సొంత ఐడీ ఉంటుంది. అదే మాడ్యూల్ వేరే పరికరాల్లో కూడా వాడారేమో దాన్ని పట్టుకుని తెలుసుకోవచ్చు.

కంపెనీ సైట్‌లోంచి తీసేసిన మాన్యువల్స్ పాత వెబ్ పేజీలను దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వేబ్యాక్ మెషీన్‌లో తరచూ దొరుకుతాయి. మాన్యువల్ చివర ఉండే యాక్సెసరీల పట్టికను తప్పకుండా చదవండి. డాక్, బ్యాటరీ, చార్జర్ నంబర్లు అందులోనే ఉంటాయి. ఉదాహరణకు ఎంవీపీ-8400 వెనక పెట్టే బ్యాటరీ పేరు ఎన్ఎక్స్‌టీ-బీపీ. ఆ పేరులో ఎంవీపీ అన్న మాటే లేదు. మోడల్ పేరు పట్టుకుని వెతికేవాళ్లకు అది కనిపించకపోవడంలో వింత లేదు.

బ్యాటరీ

ఎక్కువ కేసులు ఇక్కడే తేలిపోతాయి, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ప్యాక్ ఉబ్బి ఉంటే దాన్ని నొక్కకండి, గుచ్చకండి, ఇంకోసారి చార్జ్‌కి పెట్టకండి. మెల్లగా బయటికి తీసి, కాలే వస్తువులకు దూరంగా పెట్టి, బ్యాటరీలు తీసుకునే రీసైక్లింగ్ కేంద్రానికి ఇచ్చేయండి.

బాగున్న ప్యాక్‌నైతే బల్ల మీద పెట్టి లేబుల్ చదవండి. లిథియం-అయాన్‌లో ఒక సెల్ 3.6 లేదా 3.7 వోల్టులు. లేబుల్ మీద 7.4 అంటే రెండు సెల్స్ వరసలో ఉన్నాయి, 11.1 అంటే మూడు. 1.2కి గుణిజంలా కనిపిస్తూ నికెల్ మెటల్ హైడ్రైడ్ అని రాసి ఉంటే అది వేరే జాతి. దాని చార్జర్‌కి లిథియం ప్యాక్ తగిలిస్తే ప్రమాదం. 3.2 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్‌ని కూడా వీటి స్థానంలో పెట్టకూడదు.

గుండ్రటి సెల్స్ అయితే ఎక్కువగా 18650 ఉంటాయి: 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మిల్లీమీటర్ల పొడవు. చదునైన సంచి సెల్ అయితే దాని మీద 606090 లాంటి అంకెలు కనిపిస్తాయి. అంటే మందం 6.0, వెడల్పు 60, పొడవు 90 మిల్లీమీటర్లు. ఆ అంకెలతో నేరుగా వెతికితే సెల్ దొరుకుతుంది. మందం మాత్రం ఉన్నదానికంటే ఒక్క పిసరు కూడా పెరగనివ్వకండి. సెల్స్ వాడుతున్నకొద్దీ కాస్త ఉబ్బుతాయి, బిగుతుగా కూర్చోబెడితే ఆ ఒత్తిడి స్క్రీన్ వెనక పడుతుంది.

ఇప్పుడు వైర్లు చూడండి. ఎరుపు, నలుపు కాకుండా మూడో వైరు ఒకటి ఉంటే అది సాధారణంగా వేడిని కొలిచే థర్మిస్టర్‌ది. మల్టీమీటర్‌ని ఓమ్‌ల మీద పెట్టి ఆ వైరుకీ నలుపుకీ మధ్య కొలవండి. గది వేడిలో 10 కిలో ఓమ్‌ల దరిదాపుల్లో చూపిస్తే అదే థర్మిస్టర్. ప్యాక్‌ని అరచేతిలో పట్టుకుంటే ఆ అంకె మెల్లగా తగ్గుతుంది, అది ఇంకా గట్టి రుజువు. కొత్త ప్యాక్‌లో ఈ మూడో వైరు లేకపోయినా, విలువ వేరేగా ఉన్నా ప్యానెల్ చార్జింగే మొదలుపెట్టదు. బ్యాటరీ కొత్తదే కదా, ఎందుకు ఎక్కడం లేదని జుట్టు పీక్కునేది ఇక్కడే.

నాలుగైదు పిన్నుల కనెక్టర్ ఉంటే అది స్మార్ట్ బ్యాటరీ కావచ్చు. లోపలి చిన్న బోర్డు చార్జ్ ఎంత ఉందో ప్యానెల్‌కి చెబుతుంటుంది. ఇలాంటి ప్యాక్‌లో సెల్స్ మార్పించడం కుదురుతుంది గానీ, కొన్ని బోర్డులు సెల్స్ ఊడదీయగానే లాక్ అయిపోతాయి. అందుకే స్పాట్ వెల్డింగ్ మెషీన్ ఉన్న, బ్యాటరీ ప్యాక్‌లు కట్టడమే పనిగా చేసే మనిషికి ఇవ్వండి. పాత ప్యాక్‌ని పూర్తిగా చచ్చేదాకా వదలకుండా తీసుకెళ్తే వాళ్లకు పని సులువు. సెల్ మీద నేరుగా టంకం పెట్టేవాళ్ల దగ్గరికి వెళ్లకండి, ఆ వేడికి సెల్ లోపల దెబ్బతింటుంది. కొత్త సెల్స్ పడ్డాక ఒకటి రెండుసార్లు పూర్తిగా చార్జ్ చేసి దించితేనే శాతం అంకెలు సరిగ్గా చూపిస్తాయి.

"ఒరిజినల్, సీల్ తీయనిది" అని అమ్మే పాత స్టాక్ బ్యాటరీల జోలికి నేను వెళ్లను. లిథియం సెల్ వాడకపోయినా వయసైపోతుంది. కొనక తప్పదంటే తయారీ తేదీ ఉన్న ఫోటో అడగండి. 0931 లాంటి నాలుగంకెల కోడ్ ఉంటే అది చాలాసార్లు 2009వ సంవత్సరం 31వ వారం అని అర్థం. ఆ వయసు బ్యాటరీ కంటే ఈ ఏడాది సెల్స్‌తో కట్టించిన ప్యాక్ ఎంతో నయం.

వేరే దేశం నుంచి తెప్పించుకుంటే ఆలస్యం అవుతుందని ముందే అనుకోండి. 2016 ఏప్రిల్ 1 నుంచి విడి లిథియం-అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరకుగా పంపడానికి వీల్లేదు. సరకు విమానాల్లో పంపినా చార్జ్ 30 శాతం మించకూడదు. కాబట్టి వచ్చిన ప్యాక్ దాదాపు ఖాళీగా ఉందని టెన్షన్ పడక్కర్లేదు.

మెయిన్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ గురించి ఒక హెచ్చరిక. సీఆర్2032 మామూలు రకం, ఎంఎల్2032 రీచార్జ్ అయ్యే రకం. రెండూ ఒకే సైజు, చూడటానికి ఒకేలా ఉంటాయి. ఎంఎల్ ఉన్నచోట సీఆర్ పెడితే బోర్డు దానికి చార్జ్ ఎక్కించడానికి చూస్తుంది, అది కారిపోవచ్చు, పగలవచ్చు. బిళ్ల మీది అక్షరాలు భూతద్దంతోనైనా సరే చదివి, అదే రకం తెచ్చుకోండి.

టచ్ గ్లాసు

పాత ప్యానెళ్లలో ఎక్కువ రెసిస్టివ్ టచ్, అంటే ఒత్తిడికి పలికే రకం. గోరుతో నొక్కినా, పెన్ను మూతతో నొక్కినా పలికితే అదే. ఇది దొరకడం సులువు, ఎందుకంటే ఫ్యాక్టరీ మెషీన్లలో కూడా ఇవే గ్లాసులు వాడతారు, సైజు చెబితే అమ్ముతారు.

అంచు నుంచి బయటికొచ్చే పల్చని తోకలో నాలుగు గీతలుంటే ఫోర్-వైర్. మల్టీమీటర్‌తో రెండేసి గీతల మధ్య కొలుస్తూ పోండి. జతలైన గీతల మధ్య కొన్ని వందల ఓమ్‌లు చూపిస్తుంది, జత కాని వాటి మధ్య ఏమీ చూపించదు. ఇప్పుడు వేలితో గ్లాసు నొక్కితే జత కాని వాటి మధ్య కూడా అంకె రావాలి. నొక్కకుండానే వస్తుంటే రెండు పొరలు అతుక్కుపోయాయి. జతలో ఒకదానికి అసలు అంకె రాకపోతే తోక ఎక్కడో తెగింది. ఐదు గీతలుంటే ఫైవ్-వైర్. అందులో నాలుగు మూలలవి, ఐదోది పై పొరది. ఒకదాని స్థానంలో ఇంకోటి పనిచేయదు.

అమ్మేవాళ్లకు ఇవి చెప్పండి: గ్లాసు మొత్తం పొడవు వెడల్పులు, లోపల పలికే భాగం కొలతలు, మందం, తోక ఏ అంచున ఎంత దూరంలో మొదలవుతుంది, తోక పొడవు, గీతకీ గీతకీ మధ్య దూరం. అంగుళాల్లో కాదు, మిల్లీమీటర్లలో. 8.4 అంగుళాలు అని మాత్రమే చెబితే వచ్చే గ్లాసు చట్రంలో పట్టకపోవడం ఖాయం. తోక మీద, గ్లాసు మూలలో చిన్న అక్షరాలతో నంబరు ఉంటే ఫోటో తీసి పంపండి. గీతల వరుస కూడా అడగండి. వరుస తిరగబడితే వేలు కుడివైపు పెడితే ఎడమవైపు బటన్ పలుకుతుంది, దాన్ని అన్ని ప్యానెళ్లలోనూ క్యాలిబ్రేషన్ సరిచేయలేదు.

ఇప్పటి ఫోన్లలో ఉండే కెపాసిటివ్ టచ్ అయితే ఇంత వెసులుబాటు లేదు. గ్లాసుకీ దాని కంట్రోలర్ చిప్‌కీ జోడీ కుదిరి ఉంటుంది. అదే మోడల్ ప్యానెల్ నుంచి తీసిందే కావాలి.

స్క్రీన్, బ్యాక్‌లైట్

ఎల్‌సీడీ వెనక దాన్ని తయారుచేసిన కంపెనీ స్టిక్కర్ ఉంటుంది. షార్ప్ అయితే ఎల్‌క్యూ104 అని మొదలవుతుంది, 104 అంటే 10.4 అంగుళాలు. ఎన్ఈసీ ఎన్ఎల్6448లో 640 బై 480 పిక్సెల్స్ దాగి ఉన్నాయి. ఏయూఓ జీ084 అంటే 8.4 అంగుళాలు. ప్యానెలూక్ అనే సైట్‌లో ఈ నంబరు కొడితే కొలతలు, కనెక్టర్ రకం, సిగ్నల్ రకం, అదే కొలతల్లో ఇంకేమున్నాయో వస్తాయి. నంబరు చివరి అక్షరాలను వదిలేయకండి. ముందు భాగం అంతా కలిసినా చివర తేడా ఉంటే బ్యాక్‌లైట్ వేరే, కనెక్టర్ వేరే అయి ఉండొచ్చు.

పాత స్క్రీన్లలో బ్యాక్‌లైట్ సన్నని సీసీఎఫ్ఎల్ ట్యూబ్. దాని ఇన్వర్టర్ బయటికి ఇచ్చేది వందల వోల్టులు. కరెంటు ఉండగా దాన్ని ముట్టుకోవద్దు. ట్యూబ్‌లో పాదరసం ఉంటుంది కాబట్టి పగలకుండా చూసుకోండి. ట్యూబ్ పొడవు, మందం కొలిచి కొత్తది వేయించవచ్చు, ఎల్ఈడీ పట్టీ కిట్లు కూడా ఉన్నాయి. నా మటుకు నేను ట్యూబ్ ఒక్కటే మార్చడం కంటే మంచి స్క్రీన్ దొరికితే మొత్తం మార్చడమే మేలంటాను. ఆ పొరలు విప్పి దుమ్ము పడకుండా మళ్లీ పేర్చడం అందరివల్లా అయ్యే పని కాదు.

వైర్‌లెస్

ఎంవీపీ కాలపు కొన్ని ప్యానెళ్లలో కాంపాక్ట్ ఫ్లాష్ ఆకారపు 802.11బీ (పాత తరం వైఫై) కార్డులు వాడారు. అలాంటి కార్డులు 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తాయి, చాలావాటికి వైఫై భద్రతకు వాడే పాత పద్ధతులైన డబ్ల్యూఈపీ లేదా మొదటి తరం డబ్ల్యూపీఏ మాత్రమే తెలుసు. ఇప్పటి యాక్సెస్ పాయింట్లలో అవి మూసేసి ఉంటాయి. బయట దొరికే ఏదో కొత్త కార్డు పెట్టినా లాభం లేదు, దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ప్యానెల్‌లో ఉండదు. ఆ ప్యానెల్ కోసమే పాత పద్ధతులు ఒప్పుకునే చిన్న యాక్సెస్ పాయింట్ ఒకటి పెట్టి, దాన్ని మిగతా నెట్‌వర్క్ నుంచి వేరు చేసి, సిస్టమ్‌కి మెదడైన కంట్రోల్ ప్రాసెసర్‌తో తప్ప ఇంకదేనితోనూ మాట్లాడనివ్వకండి. డబ్ల్యూఈపీని ఎవరైనా నిమిషాల్లో ఛేదించగలరు కాబట్టి ఈ వేరుచేయడం తప్పనిసరి.

వైఫై కాకుండా ఆర్ఎఫ్‌తో (సొంత రేడియో సిగ్నల్‌తో) నడిచే పాత క్రెస్ట్రాన్ ప్యానెళ్లలో 418 మెగాహెర్ట్జ్, 433.92 మెగాహెర్ట్జ్ అని రెండు రకాలున్నాయి. ఆ సిగ్నల్ అందుకునే గేట్‌వే పెట్టె ఏ రకమో చూడకుండా ప్యానెల్ కొనకండి. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి, ఒకదానితో ఒకటి మాట్లాడవు.

డోనర్ ప్యానెల్ కొనేటప్పుడు

చట్రం, రబ్బరు బటన్లు, మెయిన్‌బోర్డు, కెపాసిటివ్ గ్లాసు కావాలంటే ఇంకో ప్యానెల్‌నే కొని విప్పడం తప్ప వేరే దారి లేదు. భాగాల కోసం కొనే ఆ ప్యానెల్‌నే డోనర్ అంటాం. ఈబేలో "విడిభాగాల కోసం" అన్న విభాగంలో సెర్చ్ సేవ్ చేసి పెట్టుకోండి, కొత్తది రాగానే మెయిల్ వస్తుంది. అంతకంటే మంచి చోటు, కంట్రోల్ సిస్టమ్స్ బిగించే సంస్థల స్టోర్ రూములు. ఆఫీసులు కొత్త సిస్టమ్‌కి మారినప్పుడు విప్పిన ప్యానెళ్లు డాక్‌లతో సహా అక్కడ అట్టపెట్టెల్లో పడి ఉంటాయి. ఫోన్ చేసి మోడల్ పేరు చెప్పి అడగండి. చాలామంది సంతోషంగా ఇచ్చేస్తారు.

"ఆన్ అవుతుంది" అన్న మాటకు పెద్ద విలువ లేదు. సెటప్ పేజీ తెరిచిన ఫోటో అడగండి. ఆ ఒక్క ఫోటోలో స్క్రీన్ బాగుందో లేదో తెలుస్తుంది, ఆ పేజీదాకా వెళ్లారంటే టచ్ పలికినట్టే, ఫర్మ్‌వేర్ (ప్యానెల్ లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్ కూడా కనిపిస్తుంది. పాస్‌వర్డ్ పెట్టి ఉందా, డాక్ కూడా ఇస్తున్నారా అన్నవి రాతపూర్వకంగా అడగండి. వెనక స్టిక్కర్ ఫోటో తప్పనిసరి. పై పూత జిగటగా ఉందని ధర తగ్గించి అమ్ముతుంటే నిశ్చింతగా కొనండి. అది మెత్తని రబ్బరు పూత పాతబడి కరగడమే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఓపిగ్గా తుడిస్తే పోతుంది, కాకపోతే స్క్రీన్ వైపు కారనివ్వకండి.

మీ ప్యానెల్ మెయిన్‌బోర్డే పోయి, డిజైన్ ఫైల్ కూడా ఎక్కడా లేకపోతే వెతకడం అక్కడితో ఆపి, ఆ కంట్రోల్ ప్రాసెసర్‌కి సరిపోయే ట్యాబ్లెట్ యాప్ ఉందేమో చూడటం మంచిది. మిగతా ఏది పోయినా నేను ముందు విప్పి స్టిక్కర్ చదువుతాను.

డోనర్ ఇంటికి రాగానే, వాపసు గడువు ఉన్నప్పుడే, స్క్రీన్ నాలుగు మూలలా నొక్కి చూడండి, డాక్‌లో పెట్టి చార్జింగ్ గుర్తు వస్తోందేమో చూడండి, నెట్‌వర్క్‌కి కలపండి. తర్వాత దాని బ్యాటరీని తీసి సగం చార్జ్‌తో చల్లని, పొడి చోట విడిగా పెట్టండి. లోపల ఉంచేస్తే ఆఫ్‌లో కూడా ప్యానెల్ కొద్దికొద్దిగా లాగుతూ సెల్స్‌ని లేవలేని స్థితికి దించేస్తుంది. కొన్ని నెలలకోసారి వోల్టేజీ కొలిచి, తగ్గితే మళ్లీ సగానికి ఎక్కించండి. విప్పినప్పుడు చదివిన స్క్రీన్ నంబరు, గ్లాసు కొలతలు, బ్యాటరీ వివరాలు ఒక కాగితం మీద రాసి డాక్ వెనక అంటించండి. వచ్చేసారి ఆ ప్యానెల్ విప్పేది మీరు కాకపోవచ్చు.